రోము నాల్గు నాళ్ళు: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక

ఈ ఆటవెలదికి మూలప్రతి విజయవాడలో ఒక ఫ్లాటులోని ఫ్రిజ్ తలుపు మీద లభించింది. కరెంటు బిల్లు వెనకవైపు, నీలం ఇంకు, రెండు చోట్ల పసుపు మరక. కర్త్రి ఆ ఇంటి ఇల్లాలు. దంపతులిద్దరూ ఉద్యోగాల నుంచి రిటైరయ్యారు. జెండా పట్టుకున్న గైడు వెనకాల బస్సు ఎక్కుతూ దిగుతూ తిరగడం ఇష్టంలేక, తమంతట తాము, ఒళ్ళు అలవకుండా ఇటలీ చూసి రావాలని కోరిక పుట్టింది. "ఏవండీ, ఎట్లా వెళ్దాం?" అని ఆవిడ అడిగిందనీ, "నీ ఇష్టం" అని ఆయన పేపరు వెనక నుంచి అన్నాడనీ, ఆ మాటను ఆవిడ నిజంగానే పట్టుకుందనీ కుటుంబ ఐతిహ్యం.

దీనికి పూర్వ వ్యాఖ్యలు రెండున్నాయి. మొదటిది డాలస్ వ్యాఖ్య. కర్త్రి తమ్ముడుగారు చేసింది. తొమ్మిది రోజుల్లో ఎనిమిది ఇటలీ ఊళ్ళు చుట్టి వచ్చిన అనుభవం ఆయనది. రెండోది పాదోవా వ్యాఖ్య. కర్త్రి చెల్లెలి కూతురు చేసింది. 1222లో పుట్టిన పాదోవా విశ్వవిద్యాలయంలో ఆ పిల్ల చదువుకుంటోంది. ఈ వ్యాఖ్య పూర్తిగా వాయిస్ మెసేజిల రూపంలో ఉంది గనక, స్కూటర్ల మోతలో అక్కడక్కడ పాఠం లుప్తమైంది. రెండు సంప్రదాయాలనూ పరిశీలించి, ఎవరికీ పక్షపాతం లేకుండా, అంటే ఎక్కువగా పాదోవా పక్షాన, ఈ టీక రాస్తున్నాం.

మూలం

రోము నాల్గు నాళ్ళు, రొదలేని పల్లెలో;
రణము వద్దు మనకు, రైలు చాలు;
ఎండ మండు వేళ నింటిలో కునుకొండు;
ఊరు తగ్గ సుఖము లూరు నిజము!

ప్రతిపదార్థం

రోము = రోము నగరమందు; నాల్గు నాళ్ళు = నాలుగు దినములు (రాత్రులని గ్రహించవలెను); రొద లేని = టూరు బస్సు నిలుపుటకు చోటు లేని; పల్లెలో = చిన్న ఊరియందు ("మిగిలిన నాళ్ళు" అని అధ్యాహారము); రణము = కొట్లాట; వద్దు = కూడదు; మనకు = మనిద్దరికి; రైలు = ధూమశకటము (ఇప్పుడు ధూమము లేదు); చాలు = సరిపోవును; ఎండ మండు వేళన్ = మిట్టమధ్యాహ్నమున; ఇంటిలో = బసయందు; కునుకు ఒండు = ఒక నిద్ర; ఊరు తగ్గన్ = ఊళ్ళ లెక్క తగ్గగా; సుఖములు ఊరున్ = సుఖములు పుట్టుకొని వచ్చును; నిజము = సత్యము.

తాత్పర్యం

ఏవండీ, జాబితాలో ఇంకో ఊరు చేర్చకండి.

విశేషాలు

"నాల్గు నాళ్ళు" అన్నచోట డాలస్ ప్రతిలో "నాల్గు గడియ" అని పాఠాంతరం కనిపిస్తుంది. హగణానికి బదులు నగణం పడింది, ఛందస్సుకు లోటు లేదు. కానీ గడియ అంటే 24 నిమిషాలు, నాలుగు గడియలు కలిపితే 96 నిమిషాలు. ఆయన యాత్రలో రోముకు దక్కింది అంతకంటే మరీ ఎక్కువేమీ కాదు గనక ఇది స్వానుభవంలోంచి వచ్చిన పాఠమే తప్ప లేఖక దోషం కాదు. అయినా అగ్రాహ్యం.

నాళ్ళు అంటే రాత్రులని ఎందుకు చెప్పామంటే, దిగిన రోజు రోజు కాదు. హైదరాబాదులో ఎక్కి గల్ఫ్ మీదుగా రోములో దిగిన మనిషికి ఆ సాయంత్రం కొలోసియం చూపించినా, సిమెంటు గోదాము చూపించినా ఒకటే. వేసవిలో ఇటలీ గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనక నడుస్తుంది. మన పొద్దుటి ఆరు వాళ్ళకు తెల్లవారుజామున రెండున్నర. మొదటి రెండు మూడు రోజులు ఆ చీకట్లో మెలకువ వచ్చేస్తుంది. దీన్ని శాపమనుకోకూడదని పాదోవా వ్యాఖ్య: "పెద్దమ్మా, ఎట్లాగూ నిద్ర పట్టదు కదా, ఆరింటికల్లా త్రెవీ ఫౌంటెన్ దగ్గరికి నడిచి వెళ్ళండి." ఆ వేళ అక్కడ నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది. పదింటికి అదే చోట జనం వీపులు కనిపిస్తాయి.

ఇక వారశూల. పెద్దవాళ్ళు ఏ వారం ఏ దిక్కుకు పోకూడదో చూసుకుని గడప దాటేవారు. ఇటలీలో ఈ శాస్త్రం ఇప్పటికీ అమల్లో ఉంది. ఆదివారం వాటికన్ మ్యూజియాలకు శూల. నెలలో ఆఖరి ఆదివారం మాత్రం తెరుస్తారు, అదీ ఉచితంగా, కాబట్టి ఆ రోజు మరీ పెద్ద శూల. సోమవారం రోములో బొర్గేసే గ్యాలరీకి, ఫ్లోరెన్సులో ఉఫీజీకి, మికెలాంజెలో దావీదు నిలబడ్డ అకాదెమియాకి, మిలాన్‌లో లియొనార్దో "చివరి విందు"కు శూల. శుక్రవారం రాత్రి రోములో దిగి ఆది, సోమవారాలను వీటికోసం అట్టిపెట్టుకున్న వారు యాత్రలో సగం మూసిన తలుపులనే చూస్తారు. బొర్గేసేలో ముందుగా వేళ ఖాయం చేసుకోనిదే అడుగు పెట్టనివ్వరు, పెట్టాక రెండు గంటలు గడవగానే బయటికి పంపేస్తారు. కొలోసియం టికెట్టు మీద మనిషి పేరు ఉంటుంది. గేటు దగ్గర పాస్‌పోర్టుతో సరిచూస్తారు. ఇక్కడ తెలుగువారికి ఒక హెచ్చరిక. మన ఇంటిపేరు రైలు రిజర్వేషన్లో ఒక పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఊరి పేరు, బ్యాంకు కార్డు మీద అసలు కనబడదు. టికెట్టు కొనే ఫారంలో పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు నింపాలి. తాతగారి పేరు కలిపి ఇరవై ఎనిమిది అక్షరాలైనా సరే, తగ్గించకూడదు.

రోజుకు ఒక్క టికెట్టు దర్శనం చాలని కర్త్రి ఆశయంగా మాకు తోస్తోంది. తక్కినదంతా వీధి. రోములో నాసోనీ అనే ఇనప కుళాయిలు దాదాపు 2,500 ఉన్నాయి. పగలూ రాత్రీ మంచినీళ్ళు కారుతూనే ఉంటాయి, సీసా పట్టుకుని వెళ్తే చాలు. చిత్రకళ చూడటానికి చర్చిలున్నాయి. సాన్ లుయీజి దెయ్ ఫ్రాంచేసి అనే చర్చిలో కరవాజ్జో వేసిన సెయింట్ మాథ్యూ చిత్రాలు మూడున్నాయి, ప్రవేశం ఉచితం. ఇట్లాంటి చర్చిల్లో చాలాచోట్ల చిత్రం ముందు చీకటిగా ఉంటుంది, పక్కన గోడకు చిన్న పెట్టె. నాణెం వేస్తే దీపం వెలుగుతుంది, కాసేపటికి టక్కున ఆరిపోతుంది. అప్పుడు ఆ చీకట్లో నిలబడ్డ పదిహేను దేశాల వాళ్ళు ఒకరి జేబు వైపు ఒకరు చూస్తారు. ఎవరూ కదలరు. చివరికి ఎవరో ఒక ముసలాయన నిట్టూర్చి నాణెం తీస్తాడు. అందరూ ముందుకు జరుగుతారు. ఆ ముసలాయన మన పద్యంలోని భర్తగారే అవుతాడని మా జోస్యం.

"రొదలేని పల్లెలో." ఇక్కడ అధ్యాహారం పెద్దది. "మిగిలిన నాళ్ళు" అని మనం పూరించుకోవాలి, ఆ మిగిలినవి ఎన్నో, పల్లె ఏదో కర్త్రి చెప్పలేదు. ఈ మౌనంలోనే యాత్రలో సగం డబ్బు, ముప్పాతిక గొడవ దాగి ఉన్నాయి. డాలస్ వ్యాఖ్య ఇక్కడ చింక్వె తెర్రె, సాన్ జిమిన్యానో అని పూరించింది. చింక్వె తెర్రె అయిదు పల్లెలన్నది నిజమే గానీ, సీజన్లో ఓ మధ్యాహ్నం అక్కడ రైలు దిగినవాడికి "రొదలేని" అనే విశేషణం నోట రాదు. సాన్ జిమిన్యానోకు రైలు స్టేషనే లేదు. పొజ్జిబోన్సిలో దిగి బస్సు పట్టుకోవాలి. రెండో పాదంలో "రైలు చాలు" అనబోతున్న మనిషి మొదటి పాదంలో రైలు లేని ఊరు కోరదు. పూర్వాపర విరోధం.

కాబట్టి పల్లెకు లక్షణం ఏమిటి? స్టేషను ఉండాలి. స్టేషను నుంచి ఊళ్ళోకి కాలినడకనో, ఏదో ఒక సులువైన వాహనంలోనో చేరగలగాలి. పగలు వచ్చిన జనం సాయంత్రానికి వెళ్ళిపోవాలి. ఈ లక్షణాలన్నీ ఓర్వియేతోకు సరిపోతాయి. రోము నుంచి రైల్లో గంటా, గంటంపావు. స్టేషను కొండ కింద, ఊరు పైన, మెత్తటి అగ్నిపర్వత శిల మీద. స్టేషను ఎదురుగానే ఫ్యునిక్యులర్ ఎక్కితే పైకి లాగేస్తుంది. 1290లో పునాది వేసిన చారల చారల కేథడ్రల్ అక్కడుంది. అంతకంటే మాకు నచ్చింది సాన్ పత్రీత్సియో బావి. 1527లో రోమును సైనికులు దోచుకున్నప్పుడు ఏడో క్లెమెంట్ పోపు పారిపోయి ఈ కొండెక్కాడు. ముట్టడి వస్తే నీళ్ళకు లోటు రాకూడదని తవ్వించాడు. దిగడానికి 248 మెట్లు, ఎక్కడానికి వేరే 248 మెట్లు, ఒకదాన్నొకటి చుట్టుకుని తిరుగుతాయి గానీ ఎక్కడా కలవవు. నీళ్ళకు దిగే కంచర గాడిదకు, నీళ్ళు మోసుకుని ఎక్కే కంచర గాడిద ఎదురుపడకూడదని ఈ ఏర్పాటు. బావి గోడకు లోపలివైపు కిటికీలున్నాయి. దిగుతున్న భర్తగారికి, ఆయాసపడుతూ ఎక్కుతున్న భార్య ఎదుటి కిటికీలో కనబడుతుంది, చెయ్యి ఊపుకోవచ్చు, మాట్లాడుకోలేరు. ముప్ఫై ఏళ్ళు పైబడిన దాంపత్యానికి ఇంతకంటే సుఖమైన కట్టడం వేరే ఉండదని డాలస్ వ్యాఖ్యాత కూడా ఒప్పుకున్నారు.

పైగా శాస్త్రప్రమాణం ఉంది. 1999లో ఇటలీలో కొన్ని చిన్న ఊళ్ళు కలిసి "చిత్తాస్లో" అని నిదాన నగరాల సంఘం పెట్టుకున్నాయి. ఆ మొదటి ఊళ్ళలో ఓర్వియేతో ఒకటి, సంఘం కేంద్రం కూడా అక్కడే. సభ్యత్వం కావాలంటే జనాభా 50,000 దాటకూడదు. చిహ్నం నత్త.

పాదోవా వ్యాఖ్య లుక్కా అని పూరిస్తుంది. అదీ గ్రాహ్యమే. స్టేషను దిగగానే కోటగోడ. ఆ గోడ ఎంత వెడల్పంటే పైన రెండు వరసల చెట్లు నాటి జనం సైకిళ్ళు తొక్కుతారు. చుట్టూ తిరిగితే నాలుగు కిలోమీటర్ల పైచిలుకు, చదును దారి. మోకాళ్ళ మీద దయ ఉన్నవారికి కొండ మీది ఓర్వియేతో కంటే ఇది మేలు.

"రణము వద్దు మనకు." రణమంటే ఏమిటన్న దానిపై ఇద్దరు వ్యాఖ్యాతలూ తప్పారని మా అభిప్రాయం. ఒకరు ఎయిర్‌పోర్టు తోపులాట అన్నారు, ఒకరు భార్యాభర్తల వాదన అన్నారు. రణమంటే వీసా. మరొకటి కాదు. ఇది మన దేశంలోనే మొదలై మన దేశంలోనే ముగుస్తుంది, ఇటలీ కంట పడకముందే. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, పదిహేను రోజుల లోపు కుదరదు. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా, బ్యాంకు కాగితాలు, ఇన్‌కం టాక్స్ రిటర్నులు, పెద్దవాళ్ళకు 90 యూరోల రుసుము. ఇవన్నీ ఇచ్చాక అసలు వింత మొదలవుతుంది: ఏ తేదీ ఏ ఊళ్ళో ఉంటారో, ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో పట్టిక రాసివ్వాలి. ఏ పట్టికా లేకుండా తిరగాలని బయల్దేరిన మనిషి, ఆ మాట చెప్పడానికి గడిగడిగా గీసిన పట్టిక సమర్పించాలి. మన పద్యాన్నే దరఖాస్తుకు జతపరచవచ్చునా అని కర్త్రి అడిగినట్టు దాఖలా ఉంది. ఏజెంటు జవాబు చెప్పలేదు.

ఇక్కడే మా పక్షం. నిదానంగా తిరగడమంటే ఏదీ ముందు ఖాయం చేయకుండా వెళ్ళడమని లోకంలో ఒక నమ్మకం ఉంది. అట్లా వెళ్ళినవాడికి నిదానం దొరకదు. పొద్దున్నే లేచి ఫోనులో గది వెతుక్కుంటాడు, మధ్యాహ్నం క్యూలో నిలబడతాడు, సాయంత్రం ఖరీదైన టికెట్టు కొంటాడు. బసలు, పెద్ద రైళ్ళు, పేరుమోసిన నాలుగైదు దర్శనాలు ఇంట్లో కూర్చుని కట్టేసుకుంటేనే తక్కిన రోజంతా ముడి లేకుండా ఉంటుంది. పద్యంలో కనిపించే తీరుబడి వెనక భర్తగారి ఎక్సెల్ షీటు ఒకటి ఉంది. కవయిత్రి దాన్ని ప్రస్తావించలేదు. భర్తలు చేసే పనికి కావ్యాల్లో చోటు తక్కువ.

"రైలు చాలు." దీనికి డాలస్ పాఠాంతరం "రథము చాలు". యతి చెడదు, రకారం రకారానికి సరిపోయింది. రథమంటే అద్దె కారు. టస్కనీ కొండల మధ్య, ద్రాక్షతోటల పక్కన కారు నడపడంలో ఉన్న సుఖాన్ని మేము కాదనం; పొలాల మధ్య బస చేసేవారికి అది లేకపోతే కుదరదు కూడా. కానీ ఊళ్ళోకి తెచ్చినప్పుడే ఆపద. ఇటలీలో పాత ఊళ్ళ నడిబొడ్డున జెడ్‌టీఎల్ అని పేరుపెట్టిన వీధులుంటాయి. స్థానికుల బళ్ళకే అనుమతి. గేటు ఉండదు, పోలీసు ఉండడు, కెమెరా ఉంటుంది. దారి తప్పి రెండుసార్లు చుట్టు తిరిగితే రెండు జరిమానాలు. కాగితం నెలల తర్వాత ఇంటికి వస్తుంది. డాలస్ వ్యాఖ్యాత గారింటికి వచ్చిన కాగితాన్ని ఆయన మొదట ఎవరో పంపిన శుభలేఖ అనుకున్నారట. దానికి తోడు మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ పర్మిట్ కూడా పట్టుకెళ్ళాలి. ఇన్ని చిక్కులున్న రథాన్ని "రణము వద్దు" అన్న పాదంలోనే కూర్చోబెట్టడం ఔచిత్యభంగం.

రైళ్ళు రెండు జాతులు. ఈ భేదం తెలియకపోవడం వల్లే ఎన్నో కష్టాలు. మొదటిది వేగం బండి. ప్రభుత్వ సంస్థ ట్రెనితాలియా నడిపే ఫ్రెచ్చారొస్సా ఒకటి, 2012లో పట్టాలెక్కిన ప్రైవేటు ఇతాలో మరొకటి. రోము నుంచి ఫ్లోరెన్సుకు గంటన్నర, నేపుల్సుకు గంటా పది నిమిషాల చిల్లర. బండి ఖాయం, సీటు ఖాయం, ముందు కొంటే చవక, ఆఖరున కొంటే గుండె జారుతుంది. అన్నిటికంటే చవక టికెట్టుకు వాపసు ఉండదు. రెండోది ప్రాంతీయ బండి, మన ప్యాసింజరు. ధర దూరాన్ని బట్టే. నెల ముందు కొన్నా, అయిదు నిమిషాల ముందు కొన్నా అంతే. కాబట్టి పెద్ద ప్రయాణాలకు వేగం బండి ముందే కొనాలి, ఓర్వియేతో, లుక్కా వంటి ఊళ్ళకు ఆ పూట ఒంట్లో ఎలా ఉందో చూసి టికెట్టు తీసుకోవాలి. నిదానమనేది ఈ రెండో జాతి బండిలోనే ఉంది.

ప్రాంతీయ బండికి కాగితం టికెట్టు కొన్నవారు ఎక్కేముందు ఒక కర్మ తప్పక చేయాలి. ప్లాట్‌ఫారం మొదట్లో ఓ చిన్న యంత్రం ఉంటుంది. టికెట్టు అంచు దాని నోట్లో పెట్టి కాస్త నొక్కితే, గర్ర్ మని తేదీ, గంట అచ్చువేస్తుంది. అచ్చుపడిందో లేదో కళ్ళజోడు పెట్టుకుని చూసుకోవాలి. ఒక్కోసారి ఇంకు ఆరిపోయి ఉత్త చప్పుడే వస్తుంది. ఆ ముద్ర లేకపోతే టికెట్టు కొన్నా కొననట్టే, జరిమానా తప్పదు. డబ్బు కట్టాం కదా అన్న తర్కం టీసీ ముందు నిలవదు. ఫోను టికెట్టుకు ఈ కర్మ లేదు, బదులుగా తెర మీద చెక్-ఇన్ నొక్కాలి.

ఒక ఉత్పాతం కూడా చెప్పాలి: షోపెరో, అంటే సమ్మె. ఇటలీలో సమ్మె దొంగచాటుగా రాదు. ముందే ప్రకటించి, తేదీ వేసి చేస్తారు. మామూలు పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య ప్రాంతీయ బళ్ళు కొన్ని తప్పక నడవాలని నియమం. వర్జ్యం చూసుకుని బయల్దేరే అలవాటున్నవారికి దీన్ని పాటించడం కష్టమేమీ కాదు.

"ఎండ మండు వేళ." పద్యంలో ఋతువు చెప్పలేదు. జూలై, ఆగస్టు నెలల్లో రోము ఎండ మన రాజమండ్రి ఎండకు చుట్టమే గనక కర్త్రి ఆ నెలలు కోరలేదనుకోవాలి. ఏప్రిల్ చివరగానీ, సెప్టెంబరు చివరగానీ అయి ఉంటుంది. ఏప్రిల్ 25, మే 1 సెలవులు. ఇటలీ వాళ్ళూ ఆ రోజుల్లో ఊళ్ళ మీద పడతారు. ఆగస్టు 15 మనకు జెండా పండుగ, వాళ్ళకు ఫెర్రాగోస్తో, అగస్టస్ చక్రవర్తి పేరు మీద వచ్చిన విశ్రాంతి దినం. ఆ వారం సముద్రం ఒడ్డున జనం, ఊళ్ళో మూసిన షట్టర్లు.

కునుకు విషయంలో కర్త్రికి దేశాచారం పూర్తిగా తోడు నిలుస్తుంది. చిన్న ఊళ్ళలో ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా కొట్లు మూస్తారు. చర్చిలూ చాలావరకు మూతే. హోటళ్ళలో మధ్యాహ్న భోజనం రెండున్నరకు అయిపోతుంది, రాత్రి భోజనం ఏడు, ఏడున్నరకు గానీ మొదలవదు. నడుమ వీధిలో తిరిగేది మనలాంటి పరదేశులూ, పిల్లులూ. పడుకుని లేచి ఆరింటికి మొహం కడుక్కుని బయటికొస్తే ఊరు ఊరంతా వీధిలో ఉంటుంది. తాతలు, మనవలు, కుక్కలు, ఎక్కడికీ పోకుండా అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. దీన్ని పస్సెజ్జాతా అంటారు. జూన్‌లో రోములో ఎనిమిదిన్నర దాటాకే పొద్దుగూకుతుంది, కాబట్టి నిద్రలో పోయిన వెలుగును సాయంత్రం వడ్డీతో సహా వసూలు చేసుకోవచ్చు.

"ఇంటిలో" అన్న సప్తమి గమనించాలి. "హోటలులో" అనలేదు. ఇల్లంటే వంటగది ఉన్న అద్దె బస. ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా అని ముందే అడగాలి. పాత ఇళ్ళలో తరచు ఉండదు, 23 కిలోల పెట్టె ఉంటుంది. బస ఎక్కడైనా మనిషికి, రాత్రికి ఇంతని ఊరి పన్ను అదనం. బియ్యం విషయం: అక్కడి కార్నరోలి, అర్బోరియో బియ్యం రిసొత్తోకు పుట్టినవి, ముద్దకట్టడమే వాటి గుణం, చారన్నానికి ఒదగవు. రోములో తెర్మిని స్టేషనుకు దగ్గర్లో ఎస్క్విలీనో మార్కెట్టులో బాస్మతి, కరివేపాకు, పచ్చిమిరప దొరుకుతాయి. నెయ్యి, పాలకోవా ఇక్కడి నుంచి కట్టుకెళ్ళకూడదు. బయటి దేశాల పాల సరుకునూ మాంసాన్నీ ఐరోపా సమాఖ్య రానివ్వదు. కందిపొడికి అడ్డులేదు.

శాకాహారులకు ఒక్క మాట. పార్మిజానో చీజు దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో తోడుపెడతారు. పట్టింపు ఉన్నవారు "చీజే కదా" అనుకోకూడదు. వారికి మరినారా పిజ్జా ఉంది: టమాటా, వెల్లుల్లి, వాము వాసన తగిలే ఒరేగానో, ఆలివ్ నూనె. చీజు లేదు, పేరులో సముద్రం ఉన్నా చేపా లేదు. లిగూరియా తీరానికి వెళ్ళినవారికి ఫరినాతా దొరుకుతుంది, అచ్చంగా శనగపిండి అట్టే. కర్త్రి దాన్ని తిని "ఇందులో వాము వేస్తే బాగుండేది" అంటుందని పాదోవా వ్యాఖ్య ముందే రాసిపెట్టింది. టస్కనీ రొట్టెలో ఉప్పు ఉండదు. మరిచిపోయి కాదు, వాళ్ళ పద్ధతే అది. కందిపొడి ఎందుకన్నామో ఇప్పుడు తెలిసి ఉంటుంది.

"ఊరు తగ్గ సుఖము లూరు." ఒకటో ఊరు నామవాచకం, రెండో ఊరు క్రియ. యమకం. కర్త్రి ఈ పాదం కోసమే పై మూడు పాదాలూ రాసిందని ఊహించవచ్చు.

అర్థంలోకి వస్తే ఇది ఉత్త కవిత్వం కాదు, లెక్క. ఊరు మారిన ప్రతిసారీ పొద్దున పదింటికో పదకొండింటికో పాత గది ఖాళీ చేయాలి. కొత్త గది మూడింటికి గానీ ఇవ్వరు. నడుమ పెట్టెలతో నిరాశ్రయులం. మార్పుకు పూట చొప్పున పోతుంది. ఎనిమిది ఊళ్ళంటే ఏడు మార్పులు, మూడున్నర రోజులు స్వాహా. పన్నెండు రాత్రులకు మూడు ఊళ్ళు పెట్టుకుంటే రెండు మార్పులు, ఒక్క రోజుతో సరి. ఒక ఊళ్ళో దిగి ఇంకో ఊరి నుంచి విమానం ఎక్కేట్టు టికెట్టు తీసుకుంటే తిరుగు దారి కూడా మిగులుతుంది.

పూర్వపక్షం: "అక్కా, పాపం బావగారు అంత దూరం వెళ్ళి వెనీసు చూడకుండా వస్తారా? ఫ్లోరెన్సు మాటేమిటి? గ్యోతే అంతటివాడు 1786లో ఫ్లోరెన్సును మూడు గంటల్లో చూసి బండెక్కాడు. మహాకవికి సరిపోయిన మూడు గంటలు మీకు చాలవా?"

డాలస్ నుంచి వచ్చిన ఆక్షేపణలన్నిట్లోకి ఇదే బలమైనది, చారిత్రకంగా సరైనది కూడా. సమాధానం: గ్యోతే ఫ్లోరెన్సులో ఎందుకు ఆగలేదు? రోము చేరాలని. చేరి ఏం చేశాడు? నెలల తరబడి ఉన్నాడు. నేపుల్సు, సిసిలీ వెళ్ళి మళ్ళీ రోముకే వచ్చి 1788 ఏప్రిల్ దాకా కదలలేదు. ఒక ఊరికి ఏడాదికి పైగా ఇచ్చినవాడు ఇంకో ఊరికి మూడు గంటలిచ్చాడంటే అది త్యాగం. ఎనిమిది ఊళ్ళకూ తలా మూడు గంటలిచ్చినవాడికి ఆయన పేరు చెప్పుకునే అర్హత లేదు.

వెనీసు మాట వేరు. పద్యంలోని రోము ఉపలక్షణమని, దాని చోట ఏ ఒక్క మహానగరాన్నైనా పెట్టుకోవచ్చని పాదోవా సిద్ధాంతం. "వెనీసు నాల్గు నాళ్ళు" అంటే యతి పోతుంది గానీ యాత్ర పోదు. అయితే వెళ్తే అక్కడే పడుకోవాలి. 2024 ఏప్రిల్ 25 నుంచి వెనీసు కొన్ని తేదీల్లో, ఉదయం 8.30 నుంచి సాయంత్రం 4 దాకా, పగటి చుట్టపుచూపుగా వచ్చేవారి దగ్గర ప్రవేశ రుసుము తీసుకుంటోంది. రాత్రి బస చేసేవారికి అది లేదు. రుసుము మాట అటుంచి, పగటి జనం రైలెక్కి పోయాకే ఆ ఊళ్ళో నీళ్ళ చప్పుడు, చెంచాల చప్పుడు విడివిడిగా వినిపిస్తాయి. పెట్టెలు మాత్రం చిన్నవే తీసుకెళ్ళాలి. వంతెనలు నాలుగు వందల పైచిలుకు, దాదాపు అన్నిటికీ మెట్లే.

"నిజము." ఇది పాదపూరణం కోసం వేసిన మాట అని ఇద్దరు వ్యాఖ్యాతలూ ఏకాభిప్రాయానికి వచ్చారు, వారు ఏకీభవించిన చోటు ఇదొక్కటే. మేము ఒప్పుకోం. భర్తగారు బిల్లు కాగితం అంచున పెన్సిలుతో "అయితే సియెనా?" అని రాసి ఉన్నారు. ఆ ప్రశ్నకు జవాబే "నిజము".

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని ప్రయాణానికి ఆరు నెలల ముందు పఠించిన వారికి వీసా స్లాటు సకాలంలో లభించును. మూడు నెలల ముందు పఠించిన వారికి మిలాన్‌లో "చివరి విందు" ఎదుట పదిహేను నిమిషాలు లభించును. పదహారో నిమిషం ఎవరికీ లభించదు. నెల ముందు పఠించిన వారికి వేగం బండిలో ఓ మోస్తరు ధరకు కిటికీ సీటు లభించును. వారం ముందు పఠించిన వారికి కొలోసియం బయటి గోడ దర్శనమగును. దానికి టికెట్టు అక్కరలేదు, పేరు సరిచూడరు, సోమవారం కూడా మూయరు.